పంకా తనంతట తాను ఊగిన ఊరు

అమెరికా దక్షిణాదిలో, మిసిసిపీ నది గట్టున నాచెజ్ అనే చిన్న ఊరుంది. 1716లో ఫ్రెంచివారు కోట కట్టిన నాటి నుంచి దాని వయసు లెక్కిస్తారు. అప్పటికే అక్కడున్న నాచెజ్ తెగవారిని పదిహేనేళ్లలో తరిమేసి, చాలామందిని కరీబియన్ దీవికి బానిసలుగా అమ్మేశారు. పేరు మాత్రం ఊరికి ఉంచారు. ఇంటివారిని గెంటేసి ఇంటిపేరు నిలబెట్టడం కన్నా మర్యాద ఏముంటుంది?

చూడవలసినవి పత్తి దొరల మేడలు. 1932 నుంచి ఏటా వసంతంలో వాటి తలుపులు తీసి యాత్ర నడుపుతున్నారు. మేం వెళ్లిన మేడలో గొడుగులాంటి గౌను వేసుకున్న పెద్దావిడ గోడకాగితం చరిత్రే ఇరవై నిమిషాలు చెప్పారు. మేడ కట్టబడిందట, పత్తి ఏరబడిందట, విందు వడ్డించబడిందట. కర్మణి వాక్యం తెలుగుకు నప్పదని మా మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఆయన పొరబడ్డారు. చరిత్ర చెప్పడానికి అంతకన్నా సుఖమైన వాక్యం లేదు.

భోజనాల బల్లపైన పెద్ద చెక్క పలక వేలాడుతోంది. దాని పేరు పంకా అన్నారావిడ. సముద్రాలు దాటి వచ్చాక మన దేశపు మాట చెవిన పడితే ప్రాణం లేచివచ్చింది! పలక నుంచి తాడు గది మూల దాకా వెళ్లింది. లాగేది ఎవరని అడిగాను. "సేవకులు" అని, మమ్మల్ని వెంటనే షాండిలియర్ కిందికి నడిపించారు. (మెల్రోజ్ మేడను చూసుకునే జాతీయ పార్కుల శాఖవారు మాత్రం బానిసల గదులు కూడా చూపించి యాత్రికుల ఆహ్లాదం చెడగొడతారు.)

ఎనిమిది మూలల లాంగ్‌వుడ్ మేడ కథ మరీ విషాదం. 1861లో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం రాగానే ఉత్తరాది పనివారు పనిముట్లు వదిలి వెళ్లిపోయారు. 32 గదుల్లో 9 మాత్రమే పూర్తయ్యాయి. యజమాని కష్టానికి బృందమంతా నిట్టూర్చింది. ఆ ఊరి పొలిమేరలోనే, 1863 దాకా మనుషులను అమ్మిన ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ సంత దగ్గర ఎవరూ నిట్టూర్చలేదు. అక్కడున్నవి సిమెంటులో పాతిన సంకెళ్లు, కొన్ని బోర్డులు. టికెట్టు లేదు. టికెట్టు లేని చోట అయిదు నిమిషాలకు మించి నిలబడటం పర్యాటక ధర్మం కాదు.

ఊరు దాటితే 444 మైళ్ల నాచెజ్ ట్రేస్ దారి మొదలవుతుంది. పక్కనే ఎమరాల్డ్ మౌండ్, మనుషులు మట్టి మోసి పోసిన 8 ఎకరాల దిబ్బ. గోడకాగితం లేదు కనుక కారు దిగలేదు.

"నాన్నా, మన ఊళ్లో గడీ ఎవరు కట్టారు?" అన్నాడు మా అబ్బాయి. పోయినేడు మేనకోడలి పెళ్లి ఫొటోలు అక్కడే తీయించాం.

"దొరగారు కట్టించారు."

"కట్టించింది కాదు, కట్టింది ఎవరు?"

వెట్టి అనే మాట నోటిదాకా వచ్చింది. ఎండ మండిపోతోంది, ఏసీ కాస్త పెంచమన్నాను.