రాణిగారి బుగ్గ అరిగినా రేటు అరగదు

పాత వెండి రూపాయి నాణ్యత తేల్చాలంటే భూతద్దం, చిన్న తూకం, నాలుగు మంచి కేటలాగులు కావాలని చాదస్తులు చెబుతుంటారు. వీళ్ల మాటలు విని ఎంతోమంది కొనబోయి ఆగిపోతున్నారు. నాణేల వ్యాపారానికి ఇంతకు మించిన ద్రోహం లేదు. ఆన్‌లైన్‌లో నాణేలు అమ్మే మహానుభావులు ఈ శాస్త్రాన్ని ఎప్పుడో సులువు చేసిపెట్టారు. వాళ్ల పద్ధతిలో నాణేన్ని చూడక్కర్లేదు, అది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే చాలు. అమ్మేవాడి చేతిలో ఉన్నంతసేపూ అది టంకశాలలో నిన్ననే అచ్చయినట్టు ఉంటుంది. డబ్బు కట్టి మీరు తెచ్చుకుని, రెండేళ్ల తర్వాత అదే మనిషికి అమ్మబోతే, "బాగా అరిగిపోయింది సార్, వెండి రేటు ఇస్తాను" అంటాడు. బీరువాలో దూది మధ్య పడుకున్న రూపాయి ఎలా అరిగిందని అడక్కండి. యజమాని మారితే లోహం అరుగుతుందన్నది వాళ్లు కనిపెట్టిన భౌతిక సూత్రం.

దీనికి ఘనమైన పూర్వచరిత్రే ఉంది. నాణెం ఎంత అరిగిందో చెప్పడానికి ఇవాళ చాలాచోట్ల వాడే 1 నుంచి 70 దాకా ఉన్న గ్రేడింగ్ అంకెలు 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పెట్టినవి. వృత్తిరీత్యా ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల ఒడ్డూ పొడుగూ కొలిచి స్వభావం చెప్పేవాడు. అదే ఉత్సాహంతో పాత రాగి సెంట్ల మీద పడ్డాడు. గుర్తుపట్టడమే కష్టమైన సెంటు ఒక డాలరు చేస్తే, మచ్చ లేనిది 70 డాలర్లు చేస్తుందని లెక్క కట్టాడు. ఆ ధరలు పోయాయి, అంకెలు మిగిలాయి. ఆయన పోయాక ఇంకో సంగతి కూడా బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే నాణేల సంఘం సేకరణలోంచి మేలైన సెంట్లు తీసుకుని, వాటి చోట తన దగ్గరున్న నాసిరకం సెంట్లు పెట్టేశాడట. గ్రేడు కొలవడం నేర్పినవాడే గ్రేడు మార్చడం కూడా నేర్పి వెళ్లాడన్నమాట. మనవాళ్లు రెండో పాఠం ఒక్కటే చదువుకున్నారని కొందరు ఎత్తిపొడుస్తారు. అది అన్యాయం. 70 అనే అంకెను కూడా వాళ్లు ఎవరికీ లేదనకుండా పంచుతున్నారు.

చాదస్తుల పద్ధతేమిటో కూడా చెప్పుకోవాలి, ఎంత దండగో తెలియడానికి. నాణెం మీద ఎత్తుగా ఉన్న చోటే ముందు అరుగుతుందని వాళ్ల సిద్ధాంతం. విక్టోరియా రాణి రూపాయిలో బుగ్గ, చెవి మీది జుట్టు, కిరీటం, రవిక మీది నగిషీ చూడాలట. ఐదో జార్జి అయితే చెవి, గడ్డం, కిరీటం. వెంట్రుకల గీతలు విడివిడిగా కనిపిస్తే మంచి గ్రేడు, కలిసిపోయి నున్నగా ఉంటే తక్కువ. ఒక రాణిగారి బుగ్గను పది రెట్ల భూతద్దంలో పరీక్షించడం మర్యాదేనా?

అందుకే ఆన్‌లైన్ ఫొటోలు చాలా గౌరవంగా ఉంటాయి. నాణేన్ని అరచేతిలో పెట్టి, పసుపు బల్బు కింద, చెయ్యి కాస్త వణుకుతుండగా తీస్తారు. రాణిగారు ఉన్నారని తెలుస్తుంది, ఏ వయసులో ఉన్నారో తెలియదు. బొమ్మా బొరుసూ రెండూ చూపిస్తారు. అంచు చూపరు. అంచులో ఏముంటుందండీ, గీతలే కదా! పోత పోసిన నకిలీకి అతుకు అక్కడే దొరుకుతుందని, అక్షరాల చుట్టూ సూది గుంటలు కూడా చూడాలని అనేవాళ్లకు లోకం మీద నమ్మకం లేదు.

ఇక తూకం. 1835 నుంచి ఈస్టిండియా కంపెనీ రూపాయి, ఆ తర్వాత రాణిగారి రూపాయి, సరిగ్గా ఒక తులం. అంటే 11.66 గ్రాములు. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. అసలు వెండి 10.69 గ్రాములు ఉంటుంది కాబట్టి ఆరోజు పేపర్లో రేటు చూసి గుణిస్తే కనీస విలువ వచ్చేస్తుంది. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి సగమే. నిజాం గారి పాత చార్మినార్ రూపాయి, మన పెద్దవాళ్లు హాలీ సిక్కా అనేది, ఇంకాస్త తేలిక: 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. ఈ మూడు లెక్కలూ ఒక చీటీ మీద పడతాయి. అమ్మేవాళ్లు మాత్రం వీటి జోలికి పోరు. అన్నిటికీ ‘ప్యూర్ సిల్వర్’ అనే ఒకే మాట వాడతారు. సమానత్వం అంటే అదీ. బరువెంత అని అడిగితే "ఇవేమన్నా ఉల్లిపాయలా సార్?" అని నొచ్చుకుంటారు. ఎలా నొచ్చుకోరు మరి! తొమ్మిదిన్నర గ్రాములు తూగే విక్టోరియా రూపాయిని తక్కెడలో పెట్టమనడం దాని పరువు తీయడమే.

అరుదైన నాణేల విషయంలో వీళ్ల సేవ మరీ గొప్పది. 1862 అని ఉన్న రూపాయిని ‘అత్యంత అరుదైన, 160 ఏళ్ల నాటి’ అని పెడతారు. ప్రభుత్వం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే 1862 వేసి రూపాయిలు అచ్చు కొట్టింది. ఏది ఎప్పటిదో నాణెం మీది చుక్కలు లెక్కబెట్టి ఊహించుకోవాలి. రాణి రూపాయిల్లో అది మామూలుగా దొరికే రకమే. 1911 రూపాయి కథ వేరే. దాని మీదున్న ఐదో జార్జి బట్టల మీది ఏనుగు, తొండం కురచై జనానికి పందిలా కనిపించింది. గొడవైంది, నాణేలు వెనక్కి తీసుకున్నారు, మరుసటి ఏడాది ఏనుగుకు తొండం సరిచేశారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 1912, 1916, 1919 ఏది చూసినా ‘పంది రూపాయి’ అనే పేరుతోనే ఉంటుంది. ఆ రోజుల్లో ఏనుగును పంది అన్నందుకు గొడవ చేసిన జనమే ఇప్పుడు పంది అంటేనే డబ్బు పెడుతున్నారు. 1939 రూపాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కువ వెండి ఉన్న రూపాయిల్లో చివరిది, అసలుది కంట పడటమే గగనం. అయినా ఆన్‌లైన్‌లో ఎప్పుడు వెతికినా డెలివరీకి సిద్ధంగా ఉంటుంది. 1938లోని 8ని కాస్త గీకితే 9 అవుతుందని గిట్టనివాళ్లు అంటారు.

మన ఇళ్ల నుంచి బయటికొచ్చే రూపాయిలకు ఇంకో గొడవ ఉంది. ఏటేటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండుతో తోమి, ముగ్గు వేసి రుద్ది, అమ్మవారి ముందు పెట్టిన నాణెం అద్దంలా ఉంటుంది. సేకరణదారులు దాన్ని చూసి ముఖం తిప్పుకుంటారు. వందేళ్లుగా పట్టిన నలుపే దాని విలువట, తోమితే సగం రేటు కూడా రాదట. ఇంత భక్తికి ఇదా ప్రతిఫలం! ఆన్‌లైన్ వాళ్లే నయం, దాన్ని ‘ఒరిజినల్ లస్టర్’, అంటే టంకశాల నాటి మెరుపు, అని గౌరవిస్తారు. మెళ్లో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత ఊడదీసిన రూపాయిని కూడా వాళ్లు చిన్నబుచ్చరు. ఆ మచ్చ ‘టంకశాల పొరపాటు’ అవుతుంది, రేటు ఇంకాస్త పెరుగుతుంది.

అనుమానం తీరనివాళ్ల కోసం ప్లాస్టిక్ డబ్బాలు ఉన్నాయి. పేరున్న గ్రేడింగ్ సంస్థలు నాణేన్ని డబ్బాలో సీలు చేసి, నంబరు వేసి పంపుతాయి. నంబరును వాళ్ల సైటులో వెతికితే ఫొటోతో సహా వస్తుంది. నకిలీలు చేసేవాళ్లు దీనికీ విరుగుడు కనిపెట్టారు. నాణెం కన్నా డబ్బా చేయడం తేలిక కాబట్టి ముందు డబ్బానే చేశారు.

రాముడు, హనుమంతుడి బొమ్మలతో, 1818 సంవత్సరంతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో తిరిగే బిళ్ళల గురించి నేను మాట్లాడను. కంపెనీ వాటిని ఎప్పుడూ అచ్చు వేయలేదు. ఏదో మహిమతో బియ్యాన్ని తమవైపు లాగుతాయని నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు చెప్పి కమీషన్ అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది.

మిగిలిన చిక్కు ఒక్కటే. అమెరికాలో ఉన్న అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు ఆ విక్టోరియా రూపాయిలు పట్టుకెళ్తానంటాడు. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించడం నేరం. సందేహం ఉంటే భారత పురావస్తు శాఖ వారికి చూపించవచ్చు. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది పురావస్తువు కాదు’ అని సంతకం చేసిన కాగితం ఇస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి ఆ కాగితం దొరికే అవకాశాలు మెండు.