టేపు గౌనుకి మన స్టేజీ మీద చోటివ్వండి

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న ఇళ్లలో ప్రామ్ గోల, అంటే బడి ఏడాది చివర్లో పిల్లలు ముస్తాబై వెళ్లే డాన్స్ పార్టీ గోల మొదలు. గౌను ఎంత, ఎవరితో వెళ్తున్నావు, రాత్రి ఎన్నింటికి వస్తావు, ఫొటోలు ఎవరింట్లో. ఈమధ్య మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దీనికి తోడు ఇంకో బెంగ కనిపిస్తోంది: మా అమ్మాయి డక్ట్ టేపుతో, అదే మరమ్మతులకి వాడే గట్టి జిగురు టేపుతో, గౌను చేసి వేసుకెళ్తానంటోంది, ఎలా మాన్పించాలి అని. కింద వరసగా నవ్వే ఎమోజీలు. నా మాటేంటంటే, మాన్పించకండి. అంతేకాదు, మన తెలుగు అసోసియేషనే ఆ పిల్లల్ని పిలిచి, పాటలకీ కూచిపూడికీ ఇస్తున్నట్టే వీళ్లకీ స్టేజీ ఇవ్వాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. డక్ బ్రాండ్ టేపు కంపెనీ 2001లో ‘స్టక్ ఎట్ ప్రామ్’ అని ఓ పోటీ మొదలుపెట్టింది. హైస్కూల్ పిల్లలు టేపుతో గౌనో, టక్సీడో అనే పార్టీ సూటో చేసి, వేసుకుని, ఫొటోలు పంపాలి. 2020లో గౌనుకొకటి, టక్సీడోకొకటి చొప్పున 10,000 డాలర్ల స్కాలర్‌షిప్పులు పెట్టారు. ఆ ఏడాది చాలాచోట్ల ప్రామ్‌లే జరగలేదు, గుర్తుందిగా. అయినా ఇల్లినాయ్‌లో స్పార్టా అనే చిన్న ఊరి అమ్మాయి ఆ కరోనా కాలాన్నే బొమ్మలుగా దించి గౌను చేసింది. 41 చుట్టల టేపు, దాదాపు 400 గంటలు. ఈ 400 దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు, అన్ని గంటలు కాలేజీ సీటుకి రాసే శాట్ పరీక్షకి కూర్చుంటే స్కోరు ఎంత పెరిగేదో అని.

సరే, ఆ లెక్క తర్వాత చూద్దాం, ముందు ఈ టేపు సంగతి. పైనుంచి చూస్తే ప్లాస్టిక్కే గానీ దాని కడుపులో ఉండేది గుడ్డ. పైన పాలిథిన్ పొర, మధ్యలో పలచటి నేత, కింద జిగురు. కత్తెర లేకుండా చేత్తో లాగితే తిన్నగా చిరిగేది ఆ నేత పోగుల వల్లే. దీని వెనక ఓ అమ్మ ఉంది కూడా. 1943లో ఇల్లినాయ్‌లో తూటాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో వెస్టా స్టౌట్ అనే ఆవిడ పనిచేసేది, కొడుకులిద్దరూ నేవీలో ఉన్నారు. ఆ పెట్టెలకి కాగితం టేపు అంటించి మైనం పూసేవారు, విప్పడానికి లాగితే ఆ కాగితం కాస్తా తెగి చేతికొచ్చేది. అవతల శత్రువు కాలుస్తుంటే సైనికుడు పెట్టె మూత గీక్కుంటూ కూర్చోవాలన్నమాట. నీళ్లకి తడవని గుడ్డ టేపు వాడండి అని పైవాళ్లకి చెప్తే ఎవరూ కదల్లేదు, దాంతో ఆవిడ నేరుగా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాసింది. పని జరిగింది, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ టేపు తయారుచేసింది. (యుద్ధం అయ్యాక ఇళ్లలో హీటర్, ఏసీ గాలి గొట్టాలకి (వాటినే డక్టులంటారు) వాడటం మొదలుపెట్టారు. తీరా 1998లో బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు పరీక్ష చేస్తే, అతుకులు మూయడానికి పెట్టినవాటిలో అన్నిటికంటే దారుణంగా ఊడొచ్చింది ఇదే. గొట్టాలకి నిలవనిది గౌనుకి నిలుస్తోంది, పోనీలెండి.)

ఇప్పుడు మా పక్క వీధిలో ఓ తెలుగువాళ్ల గరాజ్‌లో నేను చూసింది చెప్తాను. అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. ముందు పాత టీషర్టు వేసుకుని నిలబడితే స్నేహితురాలు మెడ నుంచి తుంటి దాకా టేపు చుట్టేసింది. వీపు మీద పైనుంచి కిందకి కత్తిరించి విప్పి, లోపల పాత బట్టలు కుక్కితే అచ్చం ఆ పిల్ల కొలతలతో బొమ్మ తయారైంది. తర్వాత టేబుల్ మీద బేకింగ్ కాగితం పరిచి, జిగురు పైకి ఉండేలా పట్టీలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కిస్తూ అంటించి, వాటి మీద ఇంకో వరస జిగురు కిందకి ఉండేలా బోర్లించింది. రెండువైపులా నున్నటి గుడ్డ వచ్చింది. ఆ గుడ్డని కాగితం మీద గీసుకున్న ప్యాటర్న్ ప్రకారం కోసి, అతుకులు లోపలివైపు నుంచి టేపుతోనే వేయాలి. సూది వాడకూడదు, చిల్లులు పడిన చోటల్లా చిరుగుతుంది. కత్తెరకి జిగురు పట్టేసి నిమిషానికోసారి మొండికేస్తుంటే ఆల్కహాల్‌తో తుడుచుకుంటూ కోస్తోంది.

వాళ్లమ్మ మొహం మాడ్చుకుని కాఫీ ఇచ్చి లోపలికెళ్లిపోయింది. కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ గుంటూరులో వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి. "ఇక్కడ ఇంకో డాటు పెట్టవే తల్లీ, నడుం దగ్గర గుడారంలా లేస్తోంది" అంది. "అమ్మమ్మా, టేపు మడిస్తే లావవుతుంది" అంది పిల్ల. "మడవడం దేనికే, ఆ ముక్కే కోసి పారేసి అంచులు రెండూ కలుపు." పిల్ల ఓసారి బొమ్మ వంకా ఓసారి ఆవిడ వంకా చూసి, బ్లేడు తీసుకుని సన్నగా ఓ త్రికోణం కోసి అంచులు కలిపింది. అంతే, సరిగ్గా కూర్చుంది. ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చిన అమ్మమ్మా, తెలుగు సగం సగం వచ్చిన మనవరాలూ అంతసేపు ఒకే పని మీద మాట్లాడుకోవడం మన ఇళ్లలో ఎప్పుడు చూశారు మీరు? స్కైప్ రోజుల నుంచీ "తిన్నావా, బాగా చదువుతున్నావా" దగ్గరే ఆగిపోయింది కదా మాట.

కాబట్టి శాట్ లెక్క నాకు ఎక్కదు. గౌను చేసే పిల్లకి కొలతలు, కోణాలు, ఏ గుడ్డ ఎటు వంగుతుంది, ఎక్కడ బరువు పడుతుంది, అన్నీ చేతికే తెలిసొస్తాయి. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు అనే మాట నేను అనను, అన్నామంటే చాలు, వచ్చే ఏడాదికి టేపు కోచింగ్ సెంటర్ తెరుస్తాం మనం.

అభ్యంతరాలు నిజమైనవే ఉన్నాయి. ఇది చవక బేరం కాదు, రంగు చుట్టలు పదులకొద్దీ కొంటే సేల్‌లో దొరికే మంచి గౌను ఖరీదే అవుతుంది. గాలి ఆడదు, చెమట పడుతుంది, కూర్చుంటే నడుం దగ్గర మడతలు పడి మళ్లీ పోవు. ఎండలో కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి అతుకులు జారతాయి. పైగా అంతా ప్లాస్టిక్, రీసైకిల్ డబ్బాలో వేసేది కూడా కాదు. కంపెనీకేమో పిల్లల కష్టంతో వచ్చే ప్రచారం, అదీ నాకు తెలుసు. కానీ హాఫ్ శారీ ఫంక్షన్‌కి హైదరాబాద్ నుంచి వేలకి వేలు పోసి తెప్పించి, ఒక్క పూట కట్టి, సూట్‌కేసులో పడేసే మనం వేస్టు గురించి మాట్లాడేటప్పుడు కాస్త చూసుకుని మాట్లాడాలి. ఇందులో ఆ పిల్ల చెయ్యైనా ఉంది.

అందుకే వచ్చే సమ్మర్ పిక్నిక్‌లో వద్దు, ఎండకి జిగురు కారిపోతుంది, దసరా ఫంక్షన్‌లో మనమూ ఓ టేపు బట్టల పోటీ పెడదాం, ఏసీ హాలు కాబట్టి. గౌను, సూటు అనే కాదు, మన బట్టలూ చేయనివ్వండి. చీర మాత్రం జరిగే పని కాదు, టేపు గుడ్డ కుచ్చిళ్లు పోసుకోదు, బిర్రుగా నిలబడుతుంది. ఓణీకీ అదే బాధ. లంగా అయితే భేషుగ్గా వస్తుంది, ముక్కలు ముక్కలుగా కోసి కలిపే కుట్టే కదా అది, అంచుకి బంగారు రంగు టేపు వేస్తే దూరం నుంచి జరీ అనే అనుకుంటారు. మగపిల్లలకి షేర్వానీ ఉంది, కాలరు ఎలాగూ బిర్రుగానే ఉండాలి.

మనిషికి ఇన్ని చుట్టలే అని పరిమితి పెట్టాలి, లేకపోతే డబ్బున్నవాడిదే గెలుపు. సగం పని అక్కడే అందరి ముందూ చేయించాలి, ఎందుకంటే మన సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టులు నాన్నలు చేసినంత బాగా ఇంకెవరూ చేయరని అందరికీ తెలిసిందే. జడ్జీలుగా స్పాన్సర్లనీ రియల్టర్లనీ పిలవొద్దు దయచేసి. ఆ నెలలో ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మల్లో, నాయనమ్మల్లో జాకెట్లు కుట్టినవాళ్లు ముగ్గురు దొరకరా? కమిటీ ఒప్పుకుంటే టేబుళ్లు, కటింగ్ మ్యాట్లు నేను తెస్తాను, కత్తెరలు తుడవడానికి ఆల్కహాల్ కూడా.