ఖాట్ సంగతి డాక్టరుకి చెప్పండి

సెలవులకి హైదరాబాదో విశాఖో వెళ్లగానే మనలో చాలామంది చేయించుకునేది ఫుల్ బాడీ చెకప్. సిగరెట్ అలవాటుందా, మందు తాగుతారా అని డాక్టరు అడుగుతాడు. ఇథియోపియాలో హుషారు కోసం నమిలే ఖాట్ ఆకు అలవాటుందా అని మాత్రం అడగడు. ఆ పేరే ఆయన విని ఉండకపోవచ్చు. మనమూ నోరు విప్పం. ఇథియోపియాలో ఉంటున్న తెలుగువాళ్లకి ఈ ఆకుతో వచ్చే ముప్పులో సగం ఆ మౌనంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ చాట్ అంటారు, కెన్యాలో మిరా. తూర్పు ఇథియోపియాలో హరార్ దగ్గర అవదాయ్ సంత చూసినవాళ్లకి దీని వ్యాపారం ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. కోసిన కట్టలు వాడిపోకముందే అడిస్ అబాబాకి, పక్క దేశం జిబూటీకి, సోమాలీల్యాండ్‌లోని హర్గేసాకి చేరాలి. అందుకే ఆ ఇసుజు లారీలు అలా ప్రాణాలకి తెగించి పరుగెడతాయి. ఆ తొందరంతా తాజా ఆకులో ఉండే కాథినోన్ అనే రసాయనం కోసం. యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందుకి దగ్గరి చుట్టం అది. ఆకు వాడిపోయేకొద్దీ అది తరిగిపోయి, అంత బలం లేని కాథిన్ మిగులుతుంది.

"ఆకే కదండీ, మన తమలపాకు లాంటిదే" అంటారు మనవాళ్లు కొందరు. తమలపాకు వేసుకున్నవాడు హాయిగా నిద్రపోతాడు. మధ్యాహ్నం బెర్చాకి, అంటే నలుగురూ చేరి ఖాట్ నమలడానికి, కూర్చున్నవాళ్లని ఒకసారి గమనించండి. బుగ్గన ఆకు ముద్ద, పక్కన వేరుశనగ పప్పులు, పంచదార, కూల్‌డ్రింకు సీసా. కాసేపటికి మాటలు కట్టలు తెంచుకుంటాయి, ప్రతివాడి దగ్గరా దేశాన్ని బాగుచేసే ప్లాను ఒకటి తయారవుతుంది. లోపల మాత్రం గుండె వేగం, బీపీ పెరుగుతుంటాయి. ఆకలి చచ్చిపోతుంది. రాత్రికి కన్ను మూతపడదు. నిద్ర కోసం కొందరు బీరో, అరకి అనే నాటుసారాయో పట్టుకుంటారు. తెల్లారితే నీరసం, చిరాకు. అది పోవాలంటే మళ్లీ ఆకే. మలబద్ధకం, చిగుళ్ల జబ్బులు రోజూ నమిలేవాళ్లకి మామూలే. మోతాదు మించి, లేనిపోని అనుమానాలు, భ్రమల దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. గుండెపోటుతో దీనికి సంబంధం ఉందని యెమెన్‌లో జరిగిన పరిశోధనలు చూపించాయి.

నా టెన్షన్ అక్కడే. అసలే మనవాళ్లకి షుగరు, గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తాయి. ఇన్సులిన్ వేసుకుని, ఆకు నమిలి, ఆకలి లేదని అన్నం మానేశాడనుకోండి, షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ. ఆకు ఎక్కిందనుకుని అలాగే కూర్చుంటే కొంప మునుగుతుంది. బీపీ ఎందుకు తగ్గడంలేదో తెలియని డాక్టరు మాత్రల మీద మాత్రలు పెంచుకుంటూ పోతాడు.

ఇక్కడివాళ్లకి నీతులు చెప్పడం నాకిష్టం లేదు. హరార్ రైతు కాఫీ తోట పీకేసి ఇది వేశాడంటే ఇంట్లోకి డబ్బులొస్తాయని వేశాడు. సూట్‌కేసులో గుట్కా ప్యాకెట్లు దాచి తెచ్చుకునే మనం వేలెత్తి చూపించడం ఏం బాగుంటుంది? హానికి రుజువులు చాలవని సొంత సలహా మండలి 2013లో చెప్పినా బ్రిటన్ 2014లో ఖాట్‌ని నిషేధించింది. అది తప్పా ఒప్పా అన్న వాదన నడుస్తూనే ఉంటుంది. ఒక్క మాట మాత్రం: ఇక్కడ దొరుకుతోంది కదా అని ఫ్రెండ్స్ కోసం పెట్టెలో వేసుకుని ఇండియా వెళ్లకండి. కాథినోన్ అక్కడ ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. ఎయిర్‌పోర్టులో దొరికితే "ఆకే కదండీ" అన్న మాట పనిచేయదు.

మన సంఘం ఈసారి హెల్త్ క్యాంపు పెడితే ఫారంలో సిగరెట్, మందు పక్కన ఖాట్‌కి కూడా ఒక గడి పెట్టాలి. వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, చివరిసారి ఎప్పుడు అని అడగాలి. ఆపరేషన్ ఉన్నవాళ్లయితే మత్తు ఇచ్చే డాక్టరుకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. ఇంట్లో తెలుస్తుందని భయపడేవాళ్లు ఫారం నింపి మడిచి నేరుగా డాక్టరు చేతికే ఇవ్వొచ్చు.