ఆకాశమంత పందిరి, పన్నెండు కుర్చీలు

పెళ్ళంటే ఆకాశమంత పందిరి వేసి, భూదేవంత అరుగు వేసి చేయాలని మన పెద్దలు అంటుండేవారు. పాపం, స్థోమత చాలక తాటాకు పందిళ్ళతో సరిపెట్టుకున్నారు. ఆ కోరికను అక్షరాలా తీర్చే చోటు కాలిఫోర్నియాలో ఉంది. మొహావీ ఎడారి ఎగువ భాగాన, సముద్రమట్టానికి మూడు నుంచి నాలుగు వేల అడుగుల ఎత్తున, జాషువా ట్రీ నేషనల్ పార్కుకు దగ్గరలో యక్కా వ్యాలీ, పయనీర్‌టౌన్ లాంటి ఊళ్ళున్నాయి. అక్కడ ఎటు చూసినా ఆకాశమే, ఎంత నడిచినా అరుగే. అంత పందిరి కింద వేసేది మాత్రం పన్నెండు కుర్చీలు.

దీన్ని ఇంటిమేట్ వెడ్డింగ్ అంటారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఎంచుకున్న దారి ఇదని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. ఖండిస్తున్నాను. ఖర్చు ఎక్కడా తగ్గదు, విస్తళ్ళ దగ్గర మిగిలిన డాలర్లు లెన్సుల దగ్గరకు చేరతాయి, అంతే. అసలు సంగతి కళకు సంబంధించినది. ఎడారి ఫొటోకు ప్రాణం ఖాళీ జాగా. కనుచూపు మేర ఇసుక, దూరంగా కొండలు, మధ్యలో చీమంత జంట. ఆ ఖాళీలోకి ముదురు నీలం చొక్కా వేసుకున్న మేనమామ ఒక్కడు నడిచొచ్చాడంటే ఫొటో పోయినట్టే. మేనమామలు ఎటూ నడవకుండా ఆపే ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు గనుక, అసలు పిలవకపోవడమే మేలని తేలింది.

కాలిఫోర్నియా చట్టం కూడా ఈ విషయంలో ముందుచూపుతోనే ఉంది. మామూలు పెళ్ళి లైసెన్సు తీసుకుంటే కనీసం ఒక సాక్షి సంతకం కావాలి. కాన్ఫిడెన్షియల్, అంటే గుట్టుగా ఉంచే, లైసెన్సు తీసుకుంటే ఆ ఒక్కరూ అక్కర్లేదు. ఇద్దరూ ఇప్పటికే ఒకే చోట కాపురముంటున్నామని చెబితే చాలు. ఆ రికార్డు జనానికి అందుబాటులో ఉండదు, కోర్టు ఆర్డరు లేనిదే మూడో మనిషికి కాపీ ఇవ్వరు. ఇంత పకడ్బందీగా గుట్టు కాపాడిన పెళ్ళి ఫొటోలు అదే సాయంత్రం స్నీక్ పీక్ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కుతాయి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. చుట్టాలకు తెలియకూడదు, లోకానికి తెలియాలి. ఈ రెండూ వేరు వేరు అవసరాలు.

ఫొటోగ్రాఫర్ స్థానం కూడా ఇక్కడే తేల్చేద్దాం. వధూవరులకు ఎప్పుడు రావాలో, ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, ఎప్పుడు కన్నీళ్ళు పెట్టుకోవాలో చెప్పేది ఆయనే. ముహూర్తం పెట్టేదీ ఆయనే. పంచాంగంతో పనిలేదు. ఏ రోజు, ఏ నిమిషాన సూర్యుడు ఏ కోణంలో ఉంటాడో చూపించే యాప్ ఆయన ఫోన్‌లో ఉంటుంది. ఆయన లెక్కలో ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా రాహుకాలం. నడినెత్తి ఎండలో కనుగుంటల్లో నల్లటి నీడలు పడి, పెళ్ళికూతురు నెలరోజులుగా నిద్రలేని మనిషిలా కనబడుతుంది. మేఘం ఉంటే వెలుగు మెత్తబడుతుంది గానీ, ఏడాదంతా కలిపి కొద్ది అంగుళాల వాన పడే చోట మేఘాన్ని బుక్ చేసుకోవడం రిసార్టు వాళ్ళ వల్ల కూడా కాదు.

కాబట్టి సుముహూర్తం అంటే గోల్డెన్ అవర్, పొద్దుగుంకే ముందు వెలుగు మెత్తగా, బంగారు రంగులో ఉండే వేళ. పేరుకు గంటే. జూన్‌లో రాత్రి ఎనిమిదింటికి పొద్దుగుంకుతుంది, డిసెంబరులో నాలుగున్నరకే. పైగా పడమటి వైపు కొండలున్న చోట, యాప్ చెప్పిన సమయానికి చాలా ముందే సూర్యుడు చాటుకు తప్పుకుంటాడు. ఈ కొండల సంగతి తెలియని ఫొటోగ్రాఫర్ పెళ్ళికి, నిశ్చయ తాంబూలాలు మార్చుకున్నాక పెళ్ళికొడుకు పారిపోయిన పెళ్ళికి పెద్ద తేడా లేదు. అనుభవజ్ఞులు ముందురోజే వచ్చి అదే వేళకు అదే చోట నిలబడి చూసుకుంటారు. ప్రమాణాలు నాలుగు వాక్యాలకు మించకూడదని వరుడికి నచ్చజెప్పేదీ అందుకే. జీవితాంతం తోడుంటానని ఎంతసేపు చెప్పినా ఫరవాలేదు గానీ, వెలుగు పోయేలోపు ముగించాలి.

ఇక తోట. ఎడారిలో పెళ్ళి కావాలని అన్ని మైళ్ళు కారులో వచ్చిన జంటకు తీరా వచ్చాక పచ్చదనం కావాలనిపిస్తుంది. ఇందులో తప్పేముంది? అందుకే రిసార్టుల వాళ్ళు డ్రిప్పు పైపులు వేసి, ఆలివ్ చెట్లు, బోగన్‌విల్లా తీగలు, ఓ చాప వెడల్పు పచ్చిక పెంచి, చుట్టూ గోడ కట్టి, దీపాల తోరణాలు వేలాడదీస్తారు. గోడకు ఇవతల తోట, అవతల ఎడారి. ఫొటోగ్రాఫర్‌కు తలనొప్పి మొదలయ్యేది ఇక్కడే. పచ్చిక మీద పడిన ఎండ పైకి తుళ్ళి తెల్ల గౌను మీద, గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ వేస్తుంది. వధువు పచ్చకామెర్లతో పీటలెక్కినట్టుంటుంది. పోనీ గోడ దాటి ఇసుకలో నిలబెడితే అదే గౌను నారింజ రంగు తిరుగుతుంది. వేలకు వేలు పోసి కొన్న తెలుపును తెల్లగా చూపించడానికి రాత్రిళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో ఫొటోలో ఆ రంగు తీయాలి. తోట, ఎడారి ఒకే ఫొటోలో ఉండాలని జంట అడుగుతుంది. గోడ మాత్రం పడకూడదంటుంది.

గాలి గురించి, ఇసుక గురించి ఎక్కువ చెప్పను. మేలిముసుగు ఎగిరితే అందం, మరీ ఎగిరితే చోయా అనే కాక్టస్ ముళ్ళలో చిక్కుకుంటుంది. ఆ ముళ్ళను జంపింగ్ చోయా అని ఊరికే అనలేదు, తగిలీ తగలకముందే అంటుకుంటాయి. లెన్సు మార్చడానికి కెమెరా తెరిస్తే లోపల బొమ్మను పట్టే సెన్సర్ పలక మీద ధూళి చేరి, ప్రతి ఆకాశంలోనూ ఓ నల్లచుక్క వెలుస్తుంది. అందుకే రెండు కెమెరాలు మెడలో వేసుకు తిరుగుతారు.

చెట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరిగే జాషువా చెట్టును కాపాడటానికి కాలిఫోర్నియా 2023లో ప్రత్యేక చట్టమే చేసింది. ఫొటోకు అడ్డొచ్చిందని అనుమతి లేకుండా కొమ్మ కొట్టేస్తే నేరం. పెదనాన్న పేరు కొట్టేస్తే ఏ నేరమూ లేదు. పార్కు లోపల పెళ్ళి చేసుకోవాలంటే ముందే పర్మిట్ తీసుకోవాలి, గింజలు చల్లనివ్వరు, కాబట్టి తలంబ్రాల ఆశ వదులుకోవాలి. డ్రోన్లకు నేషనల్ పార్కుల్లో 2014 నుంచీ ప్రవేశం లేదు.

మాటల్లో మాట. నిజమైన ఇంటిమేట్ వెడ్డింగ్ అక్కడ పూలు పూసే వసంతాల్లో జరుగుతూనే ఉంది. జాషువా పూలకు పౌరోహిత్యం చేసేది ఓ చిన్న చిమ్మట. ఓ పువ్వు నుంచి పుప్పొడి మూటగట్టి మోసుకెళ్ళి, మరో పువ్వులో సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది. సంభావనగా తన పిల్లలకు కొన్ని గింజలు పుచ్చుకుంటుంది, మిగతావి చెట్టుకే వదిలేస్తుంది. ఇప్పటి ఫొటో ప్యాకేజీలతో పోల్చి చూస్తే చాలా మర్యాదస్తురాలు.

మన ఫొటోగ్రాఫర్‌కు రాత్రి పని కూడా ఉంది. జాషువా ట్రీకి 2017లో డార్క్ స్కై పార్కుగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటుగా, గుర్తింపు వచ్చింది. ఆ ప్రాంతంలో చీకటి బాగా దొరుకుతుంది కాబట్టి దానికీ రేటుంది. పాలపుంత కింద జంట ఫొటో తీయాలంటే కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి పదిహేను, ఇరవై సెకన్లు షట్టరు తెరిచి ఉంచాలి. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఆ ఇరవై సెకన్లూ వధూవరులు కదలకూడదు, మాట్లాడకూడదు. పొద్దుగుంకాక ఎడారిలో చలి ఒక్కసారిగా దిగుతుంది, వీపు లేని గౌనులో ఉన్న అమ్మాయి వణికితే రెండు ముక్కులు వస్తాయి. ఇన్ని నియమాల నడుమ ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఫొటోకే క్యాండిడ్, అంటే ముందు చెప్పకుండా సహజంగా తీసినది, అని పేరు.

అన్నట్టు, ఆ పన్నెండు మంది అతిథుల్ని మరిచాం. వాళ్ళ ఫోన్లు ముందే జేబుల్లో పెట్టించేశారు. పెళ్ళివారు ప్రశాంతంగా ఉండాలట. పన్నెండు ఫోన్లు పోయి, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియో అతను, వెలుగును మొహాల మీదికి తిప్పే రిఫ్లెక్టరు పట్టుకునే కుర్రాడు ఆ ప్రశాంతతలో అటూ ఇటూ పరుగెడుతుంటారు. అతిథులు బుద్ధిగా కూర్చుంటారు. లాస్ ఏంజిలెస్ నుంచి రెండు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వచ్చి, వీడియో అతని వీపు చూసి, తిని వెళ్ళిపోతారు.

కొన్ని వారాల తరువాత ఆల్బమ్ వస్తుంది. జంట శ్రద్ధగా చూసి మార్పులు కోరుతూ మెయిలు రాస్తుంది. ఎడమవైపు కుర్చీలో ఎర్ర చీర ఆంటీని తీసేయగలరా? వెనక ఆ పొడుగాయన్ని? ఇప్పటి సాఫ్ట్‌వేరుకు ఇదొక పనే కాదు. వేలితో చుడితే మనిషి మాయమై, ఆ స్థానంలో ఇసుక మొలుస్తుంది. ఒక్కొక్కరే వెళ్ళిపోగా చివరికి ఇద్దరు మిగులుతారు. ఫొటోగ్రాఫర్ మిత్రులకు ఈ దశలో నాదొక వృత్తిపరమైన సూచన. కొండలూ ఆకాశమూ అద్భుతంగా వచ్చాయి గానీ వరుడే కొంచెం అడ్డంగా ఉన్నాడని వధువు రాసే రోజు ఎంతో దూరం లేదు. దానికి ఎంత తీసుకోవాలో కాంట్రాక్టులో ఇప్పుడే ఒక లైను చేర్చుకోండి. అడ్వాన్సు మాత్రం వరుడి తరఫు వాళ్ళ దగ్గరే తీసుకోండి.