తోటలో మనిషికి చోటెక్కడ?

ఇంటి తోటకు నక్షా గీసేటప్పుడు చాలామంది అది కిటికీలోంచి ఎలా కనబడుతుందనే ఆలోచిస్తారు. నడుమ పచ్చిక, అంచుల వెంట పూలమొక్కలు, మిగిలిన మూలలో ఒక బల్ల వేసి పని పూర్తయిందనుకుంటారు. ఫోటోలో ఎంత అందంగా ఉన్నా, అలాంటి తోటలో గంటసేపు కూర్చునేవారు అరుదు. ఎవరు, ఏ వేళలో, ఎంతమందితో అక్కడ గడుపుతారన్న ప్రశ్నను మొక్కల ఎంపిక కంటే ముందే వేసుకోవాలని నా వాదన.

ఈ ఆలోచనకు చాలా పాత చరిత్ర ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కూరుకుపోయిన పాంపేయీ నగరంలో, తోటలోనే భోజనం చేయడానికి కట్టుకున్న అరుగులు తవ్వకాల్లో బయటపడ్డాయి. గత శతాబ్దంలో అమెరికన్ ల్యాండ్‌స్కేప్ రూపశిల్పి థామస్ చర్చ్ ఇదే పద్ధతిని ఆధునిక నివాసాలకు మలిచారు. కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో 1948లో రూపొందిన డానెల్ తోటలో, అప్పటికే ఎదిగి ఉన్న ఓక్ చెట్లను కొట్టకుండా, వాటి కాండాలు చెక్క వేదిక మధ్య నుంచి పైకి వచ్చేలా ఏర్పాటు చేశారు. ఆ నిర్ణయంలోని వివేకం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది, ఎందుకంటే ఎంత ఖర్చు పెట్టినా ముప్పై ఏళ్ల చెట్టు నీడ ఒక్క రోజులో రాదు.

నిజానికి ఆరుబయట నివాసయోగ్యతను తేల్చేది చాలావరకు నీడే. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూ తమ వేడిని తగ్గించుకుంటాయి కాబట్టి చెట్టు కింద హాయిగా ఉంటుంది. రేకు కప్పు ఎండను ఆపినా, తాను కాగి ఆ వేడిని కింద కూర్చున్నవారి మీదికే వదులుతుంది. సాయంత్రపు ఎండ పడమటి నుంచి ఏటవాలుగా వస్తుంది గనుక తల మీద పందిరి ఎంత దట్టంగా ఉన్నా దాన్ని అడ్డుకోలేదు, ఆ వైపు నిలువుగా పొదల వరుసో, తీగలు పాకిన జాలీయో ఉండాలి. పైగా మధ్యాహ్న సూర్యుడి స్థానం ఏడాదిలో దాదాపు 47 డిగ్రీల మేర ఉత్తర దక్షిణాల మధ్య జరుగుతుంది. ఒకే ఋతువులో చూసి గచ్చు పోయించినవారు మరో ఋతువులో ఆ చోటును వదిలేయాల్సి రావడానికి కారణం ఇదే. చలి ఎక్కువగా ఉండే ప్రదేశాల్లో ఆకు రాల్చే చెట్టు నాటితే వేసవిలో నీడ, శీతకాలంలో ఎండ రెండూ దక్కుతాయి.

గాలి విషయంలోనూ గోడ మీద అతినమ్మకం పనికిరాదు. సందులేని గోడను తాకిన గాలి పైకెగసి, అవతలి వైపు సుడులు తిరుగుతూ దిగుతుంది. పొదల వరుస మాత్రం కొంత గాలిని లోపలికి రానిచ్చి దాని వేగాన్ని తగ్గిస్తుంది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక కొలతలు. నలుగురు భోజనం చేయాలంటే మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటు కావాలి, ఎందుకంటే కుర్చీని వెనక్కి జరిపి లేవడానికే సుమారు 75 సెంటీమీటర్లు పడుతుంది. ఇద్దరు పక్కపక్కన నడిచే బాటకు 120 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. ఇంటి గుమ్మానికీ కూర్చునే చోటుకూ మధ్య నడక పెరిగేకొద్దీ ఆ చోటు వాడకం తగ్గుతుంది, కాబట్టి వంటింటికి దగ్గరగా ఉండే మూలను అలంకారానికి కేటాయించడం నాకు వృథాగానే తోస్తుంది. గచ్చు వాలు ఇంటి వైపు కాకుండా బయటి వైపుకు ఉండాలన్నది మాత్రం ఎవరూ మరవకూడదు.

అలాగని తోటంతా బండలు పరిచి గదిలా మార్చేయడం మరో పొరపాటు. పరిచిన నేల పగలు వేడిని పట్టి రాత్రిదాకా వదులుతుంది, వాననీటిని భూమిలోకి ఇంకనివ్వదు. కాళ్లు మోపే చోటు వరకే పరిచి, తక్కినది మట్టికీ మొక్కలకూ వదలాలి. దీపాలు కూడా అవసరమైన మేరకే, కిందికి వాలిన పసుపు కాంతితో ఉంటే చాలు. నీలి ఛాయ గల తెల్లని వెలుగు పురుగులను ఎక్కువగా రప్పిస్తుంది.

ఇదంతా ఒకేసారి కట్టించక్కర్లేదు. ముందు చెట్టు నాటి, తేలికైన కుర్చీలు నాలుగు తెచ్చి, ఏడాదిపాటు వాటిని నచ్చిన చోటికి జరుపుకుంటూ కూర్చోవాలి. ఏ వేళకు ఎవరు ఎక్కడికి లాక్కుని కూర్చుంటున్నారో గమనించాక, ఎక్కువసార్లు కుర్చీలు చేరిన చోటే గచ్చు వేయించవచ్చు.