జ్యోతి వెలిగింది, మీటింగ్ ఆరిపోయింది

విమానం ఎక్కకుండానే పిల్లలకు పరదేశపు పద్ధతులు నేర్పే చదువొకటి ఉంది. దాన్ని కాయిల్ అంటారు. రెండు దేశాల క్లాసులను ఆన్‌లైన్‌లో కలిపి, ఒకే ప్రాజెక్టు చేయిస్తారు. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2006లోనే దీనికోసం ఒక కేంద్రం పెట్టారు. మా కాలేజీకి ఆ సంగతి, కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్ బృందం రాబోతున్న ఏడాది గుర్తొచ్చింది.

ఫిబ్రవరిలో మొదటి మీటింగ్. మనకు సాయంత్రం ఏడు, న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదిన్నర. ల్యాప్‌టాప్ వెనక ఫ్లెక్సీ, పక్కన దీపపు కుంది. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన (ఫ్యాన్ గాలికి రెండుసార్లు ఆరింది, ఫ్యాన్ కట్టేసి మళ్ళీ వెలిగించాం), ప్రిన్సిపాల్ గారి తొలిపలుకులు, కరస్పాండెంట్ గారి మలిపలుకులు. అవతల ఆరుగురు పిల్లలు కాఫీ కప్పులు పట్టుకుని ఇదంతా భక్తిగా చూశారు. కరస్పాండెంట్ గారు 'వసుధైవ కుటుంబకం' దాకా వచ్చేసరికి కాల్ కట్ అయింది. మాది ఉచిత ఖాతా, 40 నిమిషాలే. అమెరికా ప్రొఫెసర్ గారి కోసం తెచ్చిన శాలువా ల్యాప్‌టాప్‌కే కప్పి ఫోటో తీయించుకున్నాం.

పిల్లలు నోరు విప్పింది రెండో వారంలో. "శుక్రవారానికి మీ భాగం అయిపోతుందా?" అని వాళ్ళడిగారు. మావాడు మనసులో 'చూద్దాం' అనుకుని, పైకి "వి విల్ సీ" అని తల అటూ ఇటూ ఊపాడు. దానర్థం మనకు తెలుసు: ఈ శుక్రవారమే కాదు, వచ్చే శుక్రవారమూ కాదు. వాళ్ళు మాత్రం సరేనన్నాడని రాసుకున్నారు. మా స్లైడ్లు చూసి "ఇంటరెస్టింగ్" అన్నారు వాళ్ళు. మావాళ్ళు దాన్ని మెచ్చుకోలు అనుకుని హాస్టల్లో సమోసా పార్టీ చేసుకున్నారు. ఇద్దరికీ సంతోషమే. అపార్థాల మీద ఇంత సఖ్యత పెళ్ళిచూపుల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

మార్చిలో మాత్రం దెబ్బ తగిలింది. కాలేజీ పుట్టాక మొదటిసారి మా పిల్లలు చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే కూర్చున్నారు. అవతలివాళ్ళు అప్పటికే గంట నుంచి కాచుకుని ఉన్నారట! మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారని మా కోఆర్డినేటర్ గారికి తెలియదు. మనం గడియారం జరపమనీ, జరపక్కర్లేకుండానే గంట ఆలస్యం చేయగలమనీ వాళ్ళకు తెలియదు.

"భారతీయులకు సమయం విషయంలో తమదైన దృక్పథం ఉంది" అని వాళ్ళు నివేదికలో మర్యాదగా రాసి పంపారు. దాన్ని 'సాంస్కృతిక అవగాహన' ఫైల్లో, శాలువా ఫోటో పక్కనే గుచ్చాం.