కెర్నల్ రక్షణ తీసేయమనే సలహా వినకండి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ప్రోగ్రామ్ తన మామూలు స్థితి అయిన యూజర్ మోడ్ నుంచి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మోడ్‌లోకి వెళ్లిన ప్రతిసారీ ప్రాసెసర్ క్యాష్ (తరచూ వాడే డేటాను చేతికందేలా ఉంచే చిన్న మెమొరీ) మొత్తం ఖాళీ అయిపోతుందట, వేల సైకిళ్లు (ప్రాసెసర్ గడియారం టిక్కులు) వృథా అవుతాయట. లైనక్స్ బూట్ సెట్టింగుల్లో ‘మిటిగేషన్స్ ఆఫ్’ (రక్షణలు ఆపు) అని చేరిస్తే పాత కంప్యూటర్ పరుగులు తీస్తుందట.

ప్రోగ్రామ్ ఒక పని కోసం ఇలా కెర్నల్‌ను పిలవడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. దానితో క్యాష్ ఖాళీ కాదు. కెర్నల్ తన పనికి కావలసిన డేటా తెచ్చుకుంటుంది, ఆ మేరకు మనది కొంత బయటికి పోతుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక కెర్నల్‌కు వేరే పేజీ టేబుళ్లు (మెమొరీ చిరునామాల పట్టికలు) పెట్టారు కాబట్టి ఖర్చు పెరిగిన మాట నిజమే. ఆ దెబ్బ తగిలేది చిరునామాలను గుర్తుపెట్టుకునే టీఎల్‌బీకి. పీసీఐడీ (ఏ చిరునామా ఏ పట్టికదో గుర్తు వేసే సౌకర్యం) ఉన్న ప్రాసెసర్లలో అదీ చాలావరకు తప్పుతుంది.

వేల సైకిళ్లన్నది కాంటెక్స్ట్ స్విచ్ లెక్క. అక్కడ ఒక ప్రాసెస్‌ను ఆపి ఇంకొకదాన్ని నడిపించాలి. సిస్టమ్ కాల్‌లో ప్రాసెస్ మారదు. చిన్న కాల్ సాధారణంగా వందల సైకిళ్లలో ముగుస్తుంది. సమయం అడగడం వంటి పనులకైతే వీడీఎస్ఓ (కెర్నల్ ప్రోగ్రాములకే అందుబాటులో పెట్టే చిన్న కోడ్) వల్ల మామూలుగా మోడ్ మారనే అక్కర్లేదు.

మరి ప్రోగ్రాములు ఎందుకు నత్తనడక నడుస్తాయి? ‘డీడీ’ కమాండ్‌తో కోటి బైట్ల ఫైలును ఒక్కో బైటు చొప్పున కాపీ చేసి చూడండి. చదవడానికి కోటి, రాయడానికి కోటి, మొత్తం రెండు కోట్ల కాల్స్. సెకన్ల తరబడి కూర్చోవాలి. ఒక్కసారికి తీసుకునే బ్లాకు సైజు ఒక మెగాబైటు చేస్తే కాల్స్ ఇరవై చిల్లరే, పని కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లి ఒక్క ఉల్లిపాయ తెచ్చి, మళ్లీ ఇంకోదానికి బయలుదేరితే తప్పు రోడ్డుదా? బఫర్ (డేటాను కొంత పోగుచేసుకునే చోటు) వాడండి, కాల్స్ తగ్గించండి.

ఇక ఆ సలహా. ఇది నన్ను నిజంగా భయపెడుతోంది. ‘మిటిగేషన్స్ ఆఫ్’ మెల్ట్‌డౌన్‌తో పాటు స్పెక్టర్ అనే మరో ప్రాసెసర్ లోపం రక్షణలనూ తీసేస్తుంది. లోపమున్న ప్రాసెసర్‌పై మామూలు ప్రోగ్రామ్ కూడా కెర్నల్ మెమొరీని చదివేయగలదు. పదిమంది పిల్లలు లాగిన్ అయ్యే కాలేజీ ల్యాబులో అలా చేస్తే ఒకరి పాస్‌వర్డు ఇంకొకరి చేతికి చిక్కవచ్చు. పైగా ఏఎండీ ప్రాసెసర్లకు మెల్ట్‌డౌన్ సోకదు, కొత్త ఇంటెల్ ప్రాసెసర్లలో దాన్ని హార్డ్‌వేర్‌లోనే సరిదిద్దారు. లైనక్స్‌లోని ‘సిస్’ డైరెక్టరీలో సీపీయూ లోపాల జాబితా ఉంటుంది, అందులో మెల్ట్‌డౌన్ ఫైలు తెరవండి. ‘నాట్ అఫెక్టెడ్’ అని ఉంటే పేజీ టేబుళ్ల ఖర్చు మీ యంత్రంపై మొదటి నుంచీ లేదు. ‘మిటిగేషన్: పీటీఐ’ (అంటే వేరే పేజీ టేబుళ్ల రక్షణ) అని ఉంటే ఆ రక్షణ మీకు అవసరమై పనిచేస్తోంది, దాని జోలికి వెళ్లకండి.